బల్ల మీద ఉంచడమైనది

ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది.
తొమ్మిదిమంది. ఇద్దరికి జలుబు.
రిప్పన్ బిల్డింగులో, ఫ్యాన్లు మరీ ఎత్తున తిరిగే గదిలో
వాళ్ళు అన్నది అన్నట్టు రాయడం నా పని.
ఆఫీసరు తమిళంలో తలచుకుని ఇంగ్లీషులో చెబుతాడు,
నేను లోపల తెలుగులో విని
షార్ట్‌హ్యాండులో కొక్కేలు గీస్తాను.
దగ్గు రాయకూడదు. మౌనం రాయకూడదు.
రోజుకి తొమ్మిదొందలు, కాంట్రాక్టు.

విచారణ ఏడో నంబరు నిబంధన మీద.
కిందటి కార్తీకంలో పుట్టింది అది,
అడయారు గట్టు తెగి సైదాపేట సందుల్లోకి
ఎవరివో గిన్నెలు తేలుకుంటూ వచ్చిన రాత్రి.
ఎవర్నైనా ఎక్కణ్ణించైనా ఖాళీ చేయించొచ్చు,
దారికి అడ్డమైంది ఏదైనా ఎత్తుకుపోవచ్చు.
నోటీసు అక్కర్లేదు, రసీదు అక్కర్లేదు.
తొంభై రోజులే.
మా పెంచలమ్మత్త నడుముకి తాడు కట్టి
మిద్దె మీదికి లాగింది
ఆ కాగితం జేబులో పెట్టుకొచ్చిన కుర్రాళ్ళే.
ఇది ముందుగా చెప్పడం ధర్మం.

తర్వాత నీళ్ళు తీశాయి. బురద ఎండింది.
కాగితం మాత్రం తడిగానే ఉంది.
తొంభై మీద తొంభై,
దాని మీద ఇంకో తొంభై.
బిందె పట్టుకుని నీళ్ళ లారీ వెనక పరిగెత్తే వైశాఖంలో
వరద పేరు చెప్పి
అత్త ఇడ్లీల బల్ల ఎత్తుకుపోయారు.
మామ హార్బరులో మూటలు మోసే రోజుల్లో
పగిలిన పెట్టెల చెక్కతో చేసిన బల్ల.
పక్కన ఏ దేశపు అక్షరాలో సగం సగం కనబడేవి.
ఒక కాలికింద అట్టముక్క దోపితేగానీ నిలిచేది కాదు.

"ఇది మా ముందుకి ఎప్పుడొచ్చింది?"
అడిగారు అధ్యక్షులు.
"ఫిబ్రవరిలో, అయ్యా,
ఉభయ సభల బల్ల మీద ఉంచడమైనది."

బల్ల మీద.
నా పెన్సిలు ఒక్క కొక్కెం దగ్గర ఆగి
మళ్ళీ నడిచింది.

ఎనిమిదిమంది తలలూపారు.
చివరి కుర్చీలో, శాలువా కప్పుకున్న ముసలామె,
ఏ కొండ ప్రాంతపు సభ్యురాలో,
ఆ నిబంధన నిజంగా చదివినట్టుంది.
అంచుల్లో పెన్సిలు గీతలున్నాయి.
"నీళ్ళు ఎప్పుడు తీశాయి?" అంది.
"డిసెంబరు పద్నాలుగున, అమ్మా."
"ఇవాళ?"
"ఆగస్టు ఆరు."

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
గోడ గడియారంలో పదకొండు సెకన్లు.
ఆఫీసరు నీళ్ళ గ్లాసు పట్టుకుని తాగలేదు.
నేను రాయలేదు. రాయకూడదు కదా.
కాకపోతే ఒక గీత ఖాళీ వదిలాను.
అచ్చులో దాన్ని మూసేస్తారు, తెలుసు.

భోజనానికి లేస్తూ అధ్యక్షులు చెప్పారు:
కమిటీ నివేదిక తయారవుతుంది,
వచ్చే సమావేశాల్లో
బల్ల మీద ఉంచబడుతుంది.

సాయంత్రం అత్త దగ్గరికి వెళ్ళాను.
పాలిథిన్ పట్టా మీద, నేలకి వంగి
ఇడ్లీ పళ్ళెంలోంచి స్పూనుతో ఒలుస్తోంది.
నడుం పట్టుకుని లేచింది,
ఒకప్పుడు తాడు కట్టిన చోటే.
జరిగిందంతా చెప్పాను. విన్నది.
శాలువా ఆమె పేరేంటని అడిగింది, నాకు తెలీదన్నాను.
చట్నీ గరిటె గిన్నెలో వదిలి
చాలాసేపు ఏదో లెక్కేసుకుని అంది:

"అయితే ఢిల్లీలో వాళ్లకి బల్ల ఉండాదంటావు.
మంచిదేనా అమ్మే?
కాలు ఊగదు గదా?"